తీరంలో అతిథి గదులు: ముందు నీళ్ళు లెక్కపెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర గ్రామాల నుంచే. తోటలోనో పొలం గట్టునో ఉన్న ఇంటికి నాలుగు గదులు కలిపి, వచ్చినవాళ్ళకు పొద్దున ఫలహారం పెట్టి, ఊరికీ సముద్రానికీ చేటు చేయకుండా హోమ్‌స్టే నడపాలని అందరి కోరిక. గదుల గురించి, సోలారు గురించి, వంటల గురించి చాలామంది అడిగారు. నీళ్ళ గురించి అడిగింది ఒక్కరే. అసలు ప్రశ్న అదే కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: సముద్రానికి ముప్పావు కిలోమీటరు దూరంలో మాకు ఎకరంన్నర సరుగుడు తోట, అందులో పెంకుటిల్లు ఉన్నాయి. నాలుగు గదులు వేద్దామనుకుంటున్నాం. పాత దొరువులో (ఇసుకలో తవ్విన లోతు తక్కువ నీటిగుంటలో) నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. అవి చాలవు, 150 అడుగుల బోరు వేసి మూడు హార్స్‌పవర్ మోటారు బిగించమని మేస్త్రి అంటున్నాడు. వేయించమంటారా? (ఒక పాఠకురాలు, కొత్తపట్నం మండలం)

వద్దమ్మా, వేయించకండి. ఇసుక నేలలో ఒకసారి ఉప్పెక్కిన నీరు మళ్ళీ తియ్యబడాలంటే ఏళ్ళు పడుతుంది. మీ ఒక్కరి బావితో ఆగదు, పక్క తోటల దొరువులకూ పాకుతుంది.

తీరం ఇసుకలో దొరికే మంచినీరంటే ఇంకిన వాననీరే. అది కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీటి మట్టం నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉండగలదని శాస్త్రం చెప్పే లెక్క. ఆ లెక్కనే తిరగేయండి. మోటారు పెట్టి లాగి మట్టాన్ని ఒక అడుగు దించి అలాగే ఉంచితే, కింద నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి ఎక్కడానికి దారి ఇచ్చినట్టే. 150 అడుగుల గొట్టం నేరుగా ఆ ఉప్పు అంచుకే దిగుతుంది. మొదట్లో నీళ్ళు బాగానే వస్తాయి, అందరూ మోసపోయేది అక్కడే. పైగా వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం కొత్త బోరుకు ముందు అనుమతి తీసుకోవాలి.

మీ దొరువు మంచి పద్ధతి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ కాబట్టి పైపొర నీటినే మెల్లగా తీస్తుంది. దీన్నే బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు మెరుగుపరిచారు. మధ్యలో సిమెంటు వరలతో చిన్న బావి ఉంటుంది. దాని అడుగు భాగంలోకి రెండు మూడు దిక్కుల నుంచి చిల్లులున్న పీవీసీ గొట్టాలు అడ్డంగా పరుస్తారు. గొట్టాలకు ఇసుక దూరకుండా నైలాను వల చుట్టి, చుట్టూ సన్న కంకర పోస్తారు. నీరు ఒకేచోట గుంట పడకుండా విశాలంగా ఊరుతుంది కాబట్టి ఉప్పు పైకి లేవదు. తవ్వేటప్పుడు ఒక జాగ్రత్త ప్రాణంతో సమానం. ఇసుక గోడ చెప్పకుండా కూలుతుంది. ముందు గొయ్యి తీసి తరువాత వరలు పెట్టే పని చేయించకండి. వర లోపల నుంచి ఇసుక తోడుతూ వరనే కిందికి దింపించండి.

ఇక మీ అవసరం. నాలుగు గదుల్లో ఎనిమిదిమంది అతిథులు, మనిషికి 150 లీటర్లు, అంటే 1,200. మీ ఇంటివాళ్ళూ పనివాళ్ళూ నలుగురికి 400. దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతకడానికి, గదులు తుడవడానికి మరో 400. మొత్తం రోజుకు 2,000 లీటర్లు. దొరువు ఇది తట్టుకుంటుందో లేదో మే నెలలో, మట్టం అడుగంటినప్పుడు చూడాలి. డిసెంబరులో చూస్తే ఏ దొరువైనా పాసవుతుంది. గంటకు 1,000 లీటర్ల చొప్పున నాలుగు గంటలు తోడండి. అరగంటకొకసారి నీటిమట్టం కొలవండి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) చూపే మీటరు ముంచి అంకె రాసుకోండి. మట్టం 30 సెంటీమీటర్లకు మించి దిగకుండా, టీడీఎస్ పెరగకుండా ఉంటే నాలుగు గదులు వేసుకోండి. మొదలుపెట్టినప్పుడు 600 ఉన్నది ముగిసేసరికి 900 అయిందంటే రెండు గదులతో ఆపండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేనిచోట 2,000 దాకా ఫరవాలేదని భారతీయ ప్రమాణం.

మోటారు అర హార్స్‌పవర్ చాలు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపి మధ్యలో నీటిని ఊరనివ్వండి. దొరువులో మట్టం ఆ 30 సెంటీమీటర్ల గీత దాటి దిగితే మోటారు దానంతటదే ఆగిపోయేలా ఫ్లోట్ స్విచ్చి పెట్టించండి. పనివాళ్ళ జ్ఞాపకశక్తి మీద ఆధారపడే ఏర్పాటు పండగ రోజుల్లో నిలవదు.

తాగడానికీ వంటకూ వాననీరు పట్టుకోండి. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే, నష్టాలు పోను 72,000 లీటర్లు చేతికొస్తుంది. తాగడం, వంట కలిపి పన్నెండుమందికి రోజుకు 120 లీటర్లు. మన జిల్లాలకు ప్రధాన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలలకు 21,600 లీటర్లు కావాలి కాబట్టి 25,000 లీటర్ల తొట్టి కట్టించండి. తీరంలో కప్పు మీద ఉప్పు పేరుకుని ఉంటుంది. ప్రతి వానలో మొదటి 200 లీటర్లు పక్కకు పోయేలా విడి గొట్టం తప్పనిసరి. తొట్టి మూతకు, పొర్లుగొట్టానికి దోమ దూరని జాలీ బిగించండి. ఇలా చేస్తే ఆర్వో యంత్రం అవసరం రాదు. ఆర్వో ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్ల ఉప్పునీరు వదులుతుంది. అది మళ్ళీ మీ దొరువు పక్కనే ఇంకుతుంది.

ప్రశ్న: మా నేల అంతా ఇసుక. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. సెప్టిక్ ట్యాంకు ఎలా కట్టాలి? రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు పెట్టేస్తే సరిపోదా? (ఒక పాఠకుడు, అల్లూరు మండలం)

ప్లాస్టిక్ ట్యాంకుతో మీ నేలలో ఒక చిక్కుంది. నవంబరులో నేల నీటితో నిండి ఉన్నప్పుడు ట్యాంకు ఖాళీ చేయిస్తే, అది గొట్టాలు తెంచుకుని పైకి తేలుతుంది. పెట్టక తప్పకపోతే అడుగున కాంక్రీటు పలక పోసి పట్టీలతో బిగించండి. ఏ ట్యాంకునైనా ఏప్రిల్, మే నెలల్లోనే తోడించండి.

కట్టుడు ట్యాంకు అయితే 20 మందికి 2.3 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల నీటి లోతు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. రెండేళ్ళకోసారి తోడిస్తే చాలు. అడుగూ గోడలూ చుక్క కారకూడదు. ప్లాస్టరింగ్ అయ్యాక నీరు నింపి ఒక రోజు ఉంచి, మట్టం దిగిందేమో చూసి గానీ బిల్లు చెల్లించకండి.

తరువాతి మెట్టులో చాలామంది తప్పుదారి పడతారు. ట్యాంకు నుంచి వచ్చే నీటిని ఇంకుడు గుంతలోకి వదిలేస్తారు. ముతక ఇసుక నీటిని వేగంగా లాగేస్తుంది, శుభ్రపరచదు. ఆ నీరు నేరుగా మీ బావిలోకే వస్తుంది. మీ చోట గుంత కాదు, దిబ్బ కావాలి. నేలమట్టం మీద సన్న ఇసుకతో 60 సెంటీమీటర్ల ఎత్తు మడి వేసి, అందులో చిల్లుల గొట్టాలు పరిచి, పైన అరటి వేయండి. బావికి కనీసం 15 మీటర్ల దూరం ఉంచండి. దిక్కు కూడా ముఖ్యం. నేల లోపలి నీరు మామూలుగా సముద్రం వైపుకో, పక్కన కాలువ ఉంటే కాలువ వైపుకో జారుతుంది. బావి పడమట, మరుగుదొడ్లు తూర్పున ఉండేలా ఇంటి నమూనా గీయించండి. బకింగ్‌హాం కాలువకు ఆనుకుని ఉన్నవాళ్ళు మాత్రం వేసవిలో రెండు మూడు చోట్ల చిన్న గుంటలు తీసి, నీటిమట్టాల తేడా చూసి నిర్ణయించుకోవాలి.

స్నానం, ఉతుకు నీళ్ళను దీనిలో కలపకండి. వాటికి వేరే మడి. పన్నెండుమందికి 20 చదరపు మీటర్ల విస్తీర్ణం, 60 సెంటీమీటర్ల లోతు. అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, 10 నుంచి 20 మిల్లీమీటర్ల కంకర నింపి, మెట్టతామర, వట్టివేరు నాటండి. నీరు వచ్చే చివర, పోయే చివర అర మీటరు మేర 40 మిల్లీమీటర్ల రాళ్ళు వేయండి. నీటిమట్టం ఎప్పుడూ కంకర పైభాగానికి 5 నుంచి 10 సెంటీమీటర్ల కిందే ఉండాలి. పైకి కనిపిస్తే దోమలు పెరుగుతాయి. వంటింటి నీటికి ముందు 200 లీటర్ల జిడ్డు తొట్టి పెట్టి, వారానికోసారి తెట్టు తీయించండి. కంకర మడి మూసుకుపోయిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు కారణం నూనె జిడ్డే. ఫినాయిలు, బ్లీచింగు పొడి ఎక్కువ వాడితే మడిలోని సూక్ష్మజీవులు చచ్చి కంపు మొదలవుతుంది. శుభ్రం చేసేవాళ్ళ చేతికి సబ్బు నీళ్ళు, సోడా ఉప్పు మాత్రమే ఇవ్వండి.

ప్రశ్న: తాటాకు పాకలు, సరుగుడు బాదులతో గదులు కడితే తుఫానుకు నిలుస్తాయా? (ఒక పాఠకుడు, తుమ్మలపెంట)

పద్ధతిగా కడితే నిలుస్తాయి, నిలవకపోయినా మనుషుల మీద కాంక్రీటు పడదు. ఇంటి నిర్మాణ ప్రమాణాల్లో నెల్లూరుకు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అంతకుముందు ఈ తీరం వెంబడే కదిలింది. అలాంటిది మళ్ళీ వస్తుందన్న లెక్కతోనే కట్టాలి.

రెండు వాలుల పాక కంటే నాలుగు వాలుల పాక గాలికి బాగా తట్టుకుంటుంది. వాలు 45 డిగ్రీలు ఉండాలి. అంతకంటే తగ్గితే నీరు నిలిచి ఆకు కుళ్ళుతుంది. చూరు గోడకు బయట అడుగున్నరకు మించి రాకూడదు. గాలి చూరు కిందికి దూరే పైకప్పును ఎత్తుతుంది. వసారా కప్పును అసలు కప్పుతో కలపకండి. విడిగా కడితే, పోయినా వసారా ఒక్కటే పోతుంది. ఆకు మీద పాత చేపల వల కప్పి నాలుగు వైపులా గుంజలకు బిగించి కట్టండి. రేవులో పారేసిన వలలు సముద్రంలోకి పోకుండా ఇలా పనికొస్తాయి.

సరుగుడు బాదులను నేలలో పాతకండి. బాదు మొదట కుళ్ళేది నేల, గాలి కలిసే ఆ చోటే. కాంక్రీటు దిమ్మె మీద నిలిపి, జింకు పూత పట్టీతో బిగించండి. బెరడు పూర్తిగా ఒలిచి, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన 5 శాతం ద్రావణంలో వారం రోజులు నానబెడితే చెదలు, పుచ్చు దరిచేరవు. ఈ మందు వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఎండావానా తగిలే బయటి స్తంభాలకు పనికిరాదు, వాసాలకూ దూలాలకూ సరే. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఆ ఖర్చు గది అద్దెలో ముందే కలుపుకోండి. వంటిల్లు పాకలకు పది మీటర్ల దూరంలో, పెంకు కప్పు కింద ఉండాలి. పాకలోని కరెంటు తీగలన్నీ గొట్టాల్లోనే నడవాలి.

గోడలు కడుతుంటే ఒక మాట. సముద్రపు ఇసుక సిమెంటులో కలపకండి. అందులోని ఉప్పు లోపలి కమ్మీని తినేస్తుంది. పెన్న ఇసుకే తెప్పించుకోండి. పూతకు సిమెంటు కంటే సున్నం మేలు, గోడలోని తడి బయటికి పోతుంది, ఉప్పు పొక్కులు తక్కువ.

ప్రశ్న: మూడు కిలోవాట్ల సోలారు పెడితే నాలుగు గదుల ఏసీలు నడుస్తాయా? ఉప్పుగాలికి పలకలు పాడవుతాయా? (ఒక పాఠకుడు, పాకల)

నడవవు. మూడు కిలోవాట్లు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఆరు యూనిట్ల దాకా లాగుతుంది, నాలుగు ఏసీలకు 24. ఫ్యాన్లు, బల్బులు, ఫ్రిజ్, మోటారుకైతే 12 యూనిట్లు సరిపోతాయి. 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టండి. పడమటి గోడకు కిటికీలు తగ్గించి, వసారా దించండి. మే నెల వడగాలి వచ్చేది అటునుంచే. తూర్పు, ఆగ్నేయం వైపు పెద్ద కిటికీలు పెడితే మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. ఏసీ ఒకటి రెండు గదులకే చాలు.

పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30,000, రెండుకు 60,000, మూడు అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ ఉంది. అది గృహ కనెక్షన్లకు. అతిథి గదులకు ఏ కేటగిరీ వర్తిస్తుందో ప్రకాశంలో సీపీడీసీఎల్, నెల్లూరులో ఎస్పీడీసీఎల్ విద్యుత్ కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. కరెంటు పోతే బ్యాటరీ లేని సోలారు కూడా ఆగిపోతుంది. తుఫాను రోజుల కోసం హైబ్రిడ్ ఇన్వర్టరు, చిన్న బ్యాటరీ ఉంటే మంచిది.

ఉప్పుగాలికి పలకల కంటే ముందు పాడయ్యేది చట్రం, నట్టులు, బోల్టులు. ఉప్పు తుంపర పరీక్ష, అంటే ఐఈసీ 61701 నెగ్గిన పలకలే కొనండి. బోల్టులు 316 రకం స్టీలువి అడగండి, మామూలు 304 రకానికి తీరంలో మరకలు పడతాయి. పలకలను పక్షానికోసారి మంచినీటితో, ఎండ ఎక్కకముందే కడగండి.

ప్రశ్న: అతిథులు ఇసుకలో నడవడానికి ఒడ్డు దాకా లైట్లు వేయమంటున్నారు. వేస్తే తప్పా? (ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట మండలం)

వేయకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. రాత్రి వేళ వెలుతురున్న దిక్కే సముద్రమనుకుని నడుస్తాయి. మీ లైటు వాటిని రోడ్డు మీదికో, కుక్కల నోటికో లాగుతుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వీటికి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఇంటి చుట్టూ లైట్లు కావాలంటే మోకాలి ఎత్తులో, నేలవైపు మాత్రమే పడేలా మూత ఉన్నవి, పసుపు నారింజ రంగువి పెట్టి, సముద్రం వైపు గోడ అడ్డం ఉంచండి. ఒడ్డున చలిమంట వద్దు, ఇసుక మీద జీపులు వద్దు. గూడు కనిపిస్తే చేయి పెట్టకుండా అటవీ శాఖకు కబురు చేయండి. ఇసుక దిబ్బలను చదును చేయించడం కూడా తీర నియంత్రణ నిబంధనల ప్రకారం నిషేధం.

ప్రశ్న: నెల్లూరు చేపల పులుసు కోసమే వస్తామంటారు. వేసవిలో వేట నిషేధం కదా, ఏం పెట్టాలి? (ఒక పాఠకుడు, విడవలూరు మండలం)

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. గదులు బుక్ చేసుకునేటప్పుడే ఈ సంగతి చెప్పండి, చాలామంది మెచ్చుకుంటారు. ఆ రెండు నెలలు చెరువు చేప, కొరమీను, ఎండు నెత్తళ్ళు. పులుసు చెరువు చేపకూ కుదురుతుంది. కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, రెండు పుల్ల మామిడికాయల ముక్కలు, మట్టి దాక. రాత్రి చేసి పొద్దున వడ్డిస్తే రుచి, కానీ మే నెల ఉక్కలో బయట వదలకండి. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించే ముందు మరిగేదాకా కాచండి. కాలమూ మనకు కలిసొస్తుంది: తాటి ముంజలు, ఉలవపాడు మామిడి ఆ నెలల్లోనే. చలికాలం వచ్చేవాళ్ళకు తేగలు ఉడికించి పెట్టండి. చేప కొన్నప్పుడు బరువుకు సమానంగా ఐసు వేయించండి. తక్కువైతే ఇంటికి చేరేసరికి మొప్పల రంగు మారుతుంది.

ప్రశ్న: అనుమతులు ఏవేవి? (ముగ్గురు పాఠకులు)

ముందు మీ సర్వే నంబరు తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పటంలో ఎక్కడ పడుతుందో చూడండి. పోటు గీత (పోటు సమయంలో నీరు ఎక్కే హద్దు) నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు ఉంటాయి. ఉప్పుటేర్ల వెంబడి కూడా వర్తిస్తాయి, కాబట్టి సముద్రం దూరమని ధీమా పనికిరాదు. గ్రామీణ తీరంలో మామూలుగా మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు చోటు లేదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య భూగర్భజలాన్ని చేతితో తోడుకోవడానికే అవకాశం, అదీ తాగడం, సాగు వంటి అవసరాలకు. మోటారు పెట్టి గదులకు నీళ్ళు ఎక్కించాలనుకుంటే ఆ హద్దులోని స్థలం ఎంచుకోకండి.

కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఒకటి నుంచి ఆరు గదులు, గరిష్ఠంగా 12 మంచాలు. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. వంట పెడుతున్నారు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నమోదు కావాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ళ వివరాలు విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో పంపాలి.

ప్రశ్న: అతిథులు సముద్రంలో దిగుతామంటే ఆపలేకపోతున్నాం. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, మైపాడు)

చోటు చూపించి ఆపండి. అలలు వరసగా విరుగుతున్న ఒడ్డులో మధ్యన ఒకచోట అల విరగకుండా, నీరు ముదురుగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు మంచి చోటనుకుని అక్కడే దిగుతారు. లోపలికి లాక్కుపోయే ప్రవాహం అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, ప్రవాహం దాటాక బయటికి రావాలని తాళం చెవి ఇచ్చేటప్పుడే బొమ్మ గీసి చూపండి. మోకాలి లోతు దాటనివ్వకండి. మందు తాగినవాళ్ళను, చీకటి పడ్డాక ఎవరినీ పంపకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం కబురు ఉన్న రోజుల్లో అసలు దిగనివ్వకండి. 20 మీటర్ల తాడు కట్టిన లైఫ్ బాయ్, గాలి నింపిన ట్యూబు ఒకటి వసారాలో చేతికి అందేలా వేలాడదీయండి. ఊళ్ళో ఈత వచ్చిన మత్స్యకార యువకుడిని శని, ఆదివారాలు కూలి ఇచ్చి ఒడ్డున ఉంచండి. ఆ కూలిని గది అద్దెలోనే కలపండి, విడిగా అడిగితే అతిథులు వద్దంటారు.